అరబ్ దేశాల్లో పాలకుల్ని దించింది టీవీయా, ఫేస్‌బుక్కా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2011లో అరబ్ దేశాల్లో వచ్చిన తిరుగుబాట్లను అందరూ ఫేస్‌బుక్ విప్లవం అంటున్నారు. మీ ప్రొఫెసర్‌గారేమో ఖతర్ దేశపు టీవీ ఛానెల్ అల్ జజీరా లేకపోతే ఆ మంట ట్యునీసియా పొలిమేర దాటేది కాదంటున్నారు. ఎవరి మాట నిజం? టీవీకి అంత బలమే ఉంటే ఈజిప్టులో ఆ మార్పు మూడేళ్లు కూడా ఎందుకు నిలవలేదు?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ప్రొఫెసర్‌గారి మాటే నిజానికి దగ్గర, కానీ అది సగం కథే. టీవీ ఎవరినీ వీధిలోకి నెట్టలేదు. వీధిలోకి వచ్చినవాళ్లు ఒంటరివాళ్లు కాదని, ఇంట్లో కూర్చున్నవాళ్లకు చూపించింది. పాలకుడు పడిపోవడానికి అది చాలా ఉపయోగపడింది. కొత్త వ్యవస్థ కట్టుకోవాల్సిన రోజులు వచ్చేసరికి అదే టీవీ తన యజమానుల పని చేసింది, జనాన్ని రెండుగా చీల్చింది.

నేను హైదరాబాద్‌లో అరబిక్ చదువుకున్నాను. 2003 నుంచి 2019 దాకా దుబాయ్‌లో మీడియా మానిటరింగ్ ఉద్యోగం చేశాను. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా నాలుగు తెరలు, ఎనిమిది గంటల షిఫ్టు. ప్రతి బులెటిన్‌లో ఏం చెప్పారు, ఏ క్రమంలో చెప్పారు, ఏ మాట వాడారు అన్నది రాసి పంపడం నా పని. చేరిన వారంలోనే మా సీనియర్ ఒకాయన నా షీటులో ఇంకో గడి గీసి ఇచ్చారు. పక్క ఛానెల్‌లో వచ్చి ఈ ఛానెల్‌లో రాని వార్తలన్నీ అందులో రాయమన్నారు. పదహారేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ గడి నేర్పిందే. కింద రాసేది కూడా అక్కడినుంచే.

టీవీ దగ్గరికి రాకముందు ఒక పాత గాయం గురించి చెప్పాలి. 1953లో ఈజిప్టులో నాసర్ ముఖ్యుడిగా ఉన్న సైనిక ప్రభుత్వం కైరో నుంచి ‘సౌత్ అల్ అరబ్’ అనే రేడియో మొదలుపెట్టింది. అరబ్బుల గొంతు అని అర్థం. మొరాకో నుంచి యెమెన్ దాకా జనం దాని చుట్టూ మూగేవారు. 1967 జూన్ యుద్ధంలో, మొదటి రోజు పొద్దున్నే ఈజిప్టు యుద్ధవిమానాలు నేల మీదే కాలిపోతుంటే, ఆ రేడియోలో అహ్మద్ సయీద్ శత్రువు విమానాలు కుప్పకూలుతున్నాయని చదువుతూ పోయాడు. వారం తిరక్కుండానే నిజం బయటపడింది. నాతో పనిచేసిన పెద్దాయన ఒకరు పాలస్తీనావారు. వాళ్ల నాన్న ఆ వార్తలు విని వీధిలో మిఠాయి పంచారట. ఓటమి కన్నా ఆ మిఠాయే ఆయన్ని ఎక్కువకాలం బాధపెట్టిందని చెప్పేవారు. సొంత ప్రభుత్వం చెప్పే వార్త మీద అరబ్బులకు నమ్మకం పోయింది అక్కడే.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లూ ప్రభుత్వ టీవీ రాజ్యమే. బులెటిన్ మొదట అధ్యక్షుడో రాజో ఎవరిని కలిశాడు, ఎవరికి తంతి పంపాడు. దేశంలో ఏం జరిగిందన్నది చివర్లో, ఒక్కోసారి అసలే ఉండదు. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగితే, పక్కనే ఉన్న సౌదీలో పత్రికలు, టీవీ మొదటి రెండుమూడు రోజులు నోరు విప్పలేదు. జనం బీబీసీ, మాంటేకార్లో రేడియోలు పట్టుకుని తెలుసుకున్నారు. ఆ యుద్ధం తర్వాతే డిష్‌లు మొలిచాయి. 1991లో లండన్ నుంచి సౌదీ డబ్బుతో ఎంబీసీ అనే ఉపగ్రహ ఛానెల్ వచ్చింది. 1994లో సౌదీ ప్రభుత్వం డిష్‌లను నిషేధించింది. అయినా మేడల మీద వాటి సంఖ్య పెరుగుతూనే పోయింది.

అదే 1994లో సౌదీ యాజమాన్యంలోని ఆర్బిట్ సంస్థ కోసం బీబీసీ ఒక అరబిక్ వార్తా ఛానెల్ నడిపింది. సౌదీలో మరణశిక్షల మీద ఒక డాక్యుమెంటరీ దగ్గర గొడవ ముదిరి 1996 ఏప్రిల్‌లో అది మూతపడింది. అప్పటికే పని నేర్చుకున్న అరబ్ జర్నలిస్టులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఖతర్ కొత్త అమీర్ హమద్ బిన్ ఖలీఫా వాళ్లలో చాలామందిని దోహాకు పిలిపించుకుని, 50 కోట్ల రియాళ్లు ఇచ్చి, 1996 నవంబర్ 1న అల్ జజీరా మొదలుపెట్టించాడు. ఒక ప్రభుత్వం మూయించిన ఛానెల్ మనుషులతోనే ఇంకో ప్రభుత్వం ఛానెల్ కట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అల్ జజీరా తెచ్చిన కొత్తదనం వార్తల్లో కన్నా వాదనలో ఉంది. ఫైసల్ అల్ ఖాసిమ్ నడిపే ‘అల్ ఇత్తిజాహ్ అల్ ముఆకిస్’, అంటే ఎదురు దిశ అనే కార్యక్రమంలో ప్రభుత్వ మనిషిని, ప్రవాసంలో ఉన్న ప్రతిపక్షం మనిషిని ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ఇద్దరూ అరుచుకునేవారు, ఒక్కోసారి లేచి వెళ్లిపోయేవారు. మాట నాణ్యత గురించి ఫిర్యాదులు చాలా ఉన్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. కానీ అప్పటిదాకా ఒక సిరియన్ తండ్రి తన పిల్లల ముందు కూడా గొంతు తగ్గించి మాట్లాడే విషయాలు, డ్రాయింగ్ రూములో టీవీ బిగ్గరగా మాట్లాడింది. ఆకాశం ఊడిపడలేదు. అది చూసిన పిల్లలు 2011కల్లా పాతికేళ్లవాళ్లయ్యారు. నా దృష్టిలో అల్ జజీరా అసలు ప్రభావం ఇది. 2011లో కైరో తహ్రీర్ కూడలి నుంచి వచ్చిన పద్దెనిమిది రోజుల నిరసన ప్రసారాలకన్నా ఆ ముందటి పద్నాలుగేళ్లకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. రాయబారుల్ని వెనక్కి పిలిచారు, బ్యూరోలు మూయించారు, విలేకరుల్ని జైళ్లలో పెట్టారు, వాణిజ్య ప్రకటనలు రాకుండా చేశారు. ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దోహా వెళ్లినప్పుడు అల్ జజీరా చిన్న స్టూడియో చూసి “ఈ అగ్గిపెట్టె నుంచా ఇంత గొడవ!” అన్నాడని అరబ్ జర్నలిస్టులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు 2010 డిసెంబర్ 17కు వద్దాం. సిదీ బూజిద్‌లో బండి మీద పళ్లు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. అల్ జజీరాకు ట్యునీసియాలో బ్యూరో పెట్టుకునే అనుమతే లేదు. అక్కడి నిరసనను స్థానికులు ఫోన్లలో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. కోటి పైచిలుకు జనాభాలో ఫేస్‌బుక్ ఉన్నది సుమారు ఇరవై లక్షల మందికి. ఆ వీడియోలను అల్ జజీరా తీసుకుని అదే రాత్రి నుంచి ప్రసారం చేసింది. మీ ప్రశ్నకు సూటి సమాధానం ఇక్కడ ఉంది. ఫేస్‌బుక్ విలేకరి అయింది, టీవీ దండోరా అయింది. ఒకటి లేకపోతే రెండోది లేదు. 2008లో అదే ట్యునీసియాలో గఫ్సా గనుల ప్రాంతంలో నెలల తరబడి నిరసనలు జరిగాయి. పోలీసులు ప్రాంతాన్ని చుట్టుముట్టారు, బొమ్మలు బయటికి రాలేదు, రాజధానిలో చాలామందికి తెలియనే తెలియలేదు. కోపం అదే, దేశం అదే, పాలకుడూ వాడే. రెండేళ్ల తర్వాత ఫోనుకూ డిష్‌కూ మధ్య దారి ఏర్పడింది.

ట్యునీసియా అధ్యక్షుడు బెన్ అలీ కూడా టీవీనే నమ్ముకున్నాడు. డిసెంబర్ 28న ఆసుపత్రిలో ఒళ్లంతా కట్లతో ఉన్న బువాజీజీ మంచం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. జనవరి 13 రాత్రి, ఎన్నడూ లేనిది, గ్రాంథిక అరబిక్ వదిలేసి ట్యునీసియా వాడుకభాషలో “ఫహింత్‌కుమ్”, మీరు చెప్పింది నాకు అర్థమైంది, అన్నాడు. ఆ రాత్రి డ్యూటీలో నేనే ఉన్నాను. ఒక నియంత భాష మార్చాడంటే భయపడ్డాడని అర్థం, షీటులో ఆ మాట విడిగా గీత గీసి రాశాను. మర్నాడు సాయంత్రానికి అతను దేశం వదిలి సౌదీకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అల్ జజీరాలో పదే పదే వచ్చిన ఒక తెల్లజుట్టు మనిషి ఉన్నాడు. ట్యూనిస్ వీధిలో నిలబడి చేత్తో తల నిమురుకుంటూ “హరిమ్నా”, ఈ చారిత్రక ఘడియ కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లమైపోయాం, అంటాడు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కైరోలో, దమాస్కస్‌లో, సనాలో ఉన్న నడివయసువాళ్లు ఆ మాట అనువాదం లేకుండా విన్నారు.

ఇక్కడ భాష సంగతి చెప్పాలి. అరబ్ లీగ్‌లో 22 దేశాలు, వార్తల భాష ఒకటే. ట్యునీసియాలో పుట్టిన నినాదం “అష్షఅబ్ యురీద్ ఇస్కాత్ అన్నిజామ్”, అంటే ఈ పాలన కూలిపోవాలని ప్రజలు కోరుతున్నారు. అది ఏ ఊరి యాసలోనూ లేదు, చదువుకున్న అరబిక్‌లో ఉంది, అందుకే టీవీలో విన్న ఏ దేశంవాడికైనా నోట్లో సరిగ్గా కూర్చుంది. చివరి మాట మనకు బాగా తెలిసిందే. నిజామ్ అంటే అరబిక్‌లో వ్యవస్థ, పాలనాక్రమం. నిజామ్ ఉల్ ముల్క్ అంటే రాజ్యాన్ని క్రమంలో ఉంచేవాడు, హైదరాబాద్ నిజాంల బిరుదు అక్కడిదే. 2011 మొదట్లో సిరియాలోని దరా పట్టణంలో బడిపిల్లలు టీవీలో విన్న ఇదే నినాదాన్ని గోడ మీద రాశారు. పోలీసులు వాళ్లను పట్టుకెళ్లి హింసించారు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. సిరియా తిరుగుబాటు అక్కడ రాజుకుంది. తెర మీది మాట గోడ మీదికి ఎక్కడానికి పట్టింది కొన్ని వారాలు. ఆ మాటకు సిరియా చెల్లించిన మూల్యం మీకు తెలుసు.

ఇక ఈజిప్టు. అప్పటికి అక్కడ ఇంటర్నెట్ వాడేవారు ఇంచుమించు నలుగురిలో ఒకరు. పెద్దవాళ్లలో దాదాపు అంతేమందికి చదవడం, రాయడం రాదు. టీవీ మాత్రం ఇంటింటా ఉంది. జనవరి 28 శుక్రవారం పొద్దుటికి ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది, మొబైల్ ఫోన్లు కూడా ఆపింది. ఫేస్‌బుక్ ఒక్కటే ఇదంతా నడిపిందంటే ఆ రోజుతో ఆగిపోవాలి. ఆగకపోగా ఆ శుక్రవారం నిరసన అప్పటిదాకా జరిగినవాటన్నిటికన్నా పెద్దదయింది. ఫోను పనిచేయని పిల్లల్ని వెతుక్కుంటూ పెద్దవాళ్లు కూడా బయటికొచ్చారు. ఆ సాయంత్రం నా ముందు రెండు తెరలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో మ్యూజియం పక్కన అధికార పార్టీ భవనం తగలబడుతోంది. రెండోది ప్రభుత్వ టీవీ, దాని కెమెరా ప్రశాంతంగా ఉన్న నైలు వంతెన వైపు తిరిగి ఉంది. అదే నగరం, అదే నది. జనవరి 30న అల్ జజీరా లైసెన్సు రద్దు చేసి ఈజిప్టు ఉపగ్రహం నైల్‌శాట్ నుంచి తీసేశారు. వేరే దేశాల ఛానెళ్లు కొన్ని తమ కార్యక్రమాలు ఆపుకుని ఆ ప్రసారాన్నే తమ ఫ్రీక్వెన్సీల్లో చూపించాయి.

పుస్తకాల్లో దొరకని ఒక సంగతి చెబుతాను. నా పక్క సీటు సహోద్యోగి ఈజిప్టువాడు, వాళ్ల అమ్మ టాంటాలో ఉండేది. ఆమె చూసేది ప్రభుత్వ ఛానెల్ ఒక్కటే. తహ్రీర్‌లో ఉన్నవాళ్లకు విదేశాలవాళ్లు డబ్బులూ కెంటకీ చికెన్ పొట్లాలూ పంచుతున్నారన్న ప్రచారం అప్పుడు జోరుగా ఉండేది, ఆమె నమ్మింది. కొడుకు ఫోన్లో ఎంత చెప్పినా వినలేదు. పైగా, నువ్వు పరాయిదేశంలో ఉండి వాళ్ల ఛానెల్ చూసి చెడిపోయావంది. ఫిబ్రవరి 7 రాత్రి డ్రీమ్ టీవీలో మోనా అల్ షాజ్లీ కార్యక్రమానికి, నిరసనలకు పిలుపునిచ్చిన ఫేస్‌బుక్ పేజీ నడిపి, పన్నెండు రోజుల నిర్బంధం నుంచి అప్పుడే విడుదలైన వాయిల్ ఘొనీమ్ వచ్చాడు. చనిపోయిన కుర్రాళ్ల ఫొటోలు చూపిస్తే వెక్కి వెక్కి ఏడ్చి, లేచి వెళ్లిపోయాడు. మర్నాడు తహ్రీర్‌కు వచ్చిన జనం అంతకుముందు రోజులకన్నా చాలా ఎక్కువ. మా వాడికి తెల్లారేసరికి అమ్మ ఫోను. “ఆ పిల్లాడు పొట్లం కోసం వచ్చినవాడు కాదురా” అందట. మా వాడు ఆ మాట నాకు చెబుతూ మాట పూర్తిచేయలేకపోయాడు.

అంత పెద్ద అల్ జజీరా ఆమెను కదిలించలేదని గమనించండి. కదిలించింది ఒక స్థానిక వ్యాపారవేత్త ఛానెల్. రోజూ రాత్రి పదింటికి అలవాటుగా చూసే యాంకర్, తన యాసలో మాట్లాడే యాంకర్. బయటి ఛానెల్ కోపంగా ఉన్నవాడికి ధైర్యం ఇస్తుంది. తటస్థంగా ఉన్నవాడిని కదిలించేది ఇంటి ఛానెల్. దీని మీద పరిశోధన చేసేవాళ్లు అల్ జజీరా చుట్టూనే తిరుగుతారు. మీరు మాత్రం స్థానిక టాక్ షోలను వదలకండి.

ఇంకో ఉదాహరణ. ముబారక్ దిగిపోయాక కూడా అతను నియమించిన ప్రధాని అహ్మద్ షఫీక్ కుర్చీలోనే ఉన్నాడు. 2011 మార్చి 2 రాత్రి ఓఎన్‌టీవీ లైవ్‌లో నవలాకారుడు అలా అల్ అస్వానీ ఆయన్ని ముఖం మీదే నిలదీశాడు. ఒక ప్రధానిని ఒక రచయిత అలా నిలదీయడం ఈజిప్షియన్లు ఎన్నడూ చూడలేదు. మర్నాడే షఫీక్ రాజీనామా చేశాడు. ఆ ఒక్క కార్యక్రమమే కారణమని నేననను, శుక్రవారం మళ్లీ పెద్ద ఊరేగింపుకు పిలుపు ఉంది, సైన్యానికి దాని భయం ఉంది. కానీ ఆ రాత్రి డెస్కులో మేమందరం ఈ దేశం మారిపోయిందనే అనుకున్నాం.

అక్కడే మేం పొరబడ్డాం. మీ రెండో ప్రశ్న మొదలయ్యేదీ అక్కడే.

పాలకుడు పోయాడు, మస్పెరో భవనం పోలేదు. కైరోలో నైలు ఒడ్డున ఉన్న ఆ గుండ్రటి భవనమే ప్రభుత్వ రేడియో, టీవీల కేంద్రం. వేలాది ఉద్యోగులు, అదే అలవాటు, యజమాని మాత్రం ఇప్పుడు సైనిక మండలి. 2011 అక్టోబర్ 9న ఆ భవనం ముందే కాప్టిక్ క్రైస్తవుల ఊరేగింపు మీద సైన్యం విరుచుకుపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సాయంత్రం ప్రభుత్వ టీవీలో యాంకర్, నిజాయితీగల పౌరులు బయటికొచ్చి సైన్యాన్ని కాపాడుకోవాలని పిలుపునిచ్చింది. కిటికీ కింద జనం చస్తుంటే. మానిటరింగులో ఉన్నన్నాళ్లూ నేను హెడ్‌ఫోన్లు తీసి పక్కనపెట్టి బయటికి నడిచిన రోజు అదొక్కటే.

ప్రైవేటు ఛానెళ్లు వచ్చాయి కదా అంటారు. 2011లో అవి పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. పెట్టింది పెద్ద పెద్ద వ్యాపారవేత్తలు, వాళ్లలో చాలామంది పాత పాలనలో బాగుపడ్డవాళ్లే. ఇంకోవైపు ఇస్లామిస్టుల ఛానెళ్లు. ఒక వర్గం ఛానెల్ చూసేవాడికి రెండో వర్గంవాడు దేశద్రోహి, రెండో ఛానెల్ చూసేవాడికి మొదటివాడు మతద్రోహి. 2012 మే 10న అధ్యక్ష అభ్యర్థులు అమ్ర్ మూసా, అబ్దెల్ మొనెయిమ్ అబుల్ ఫొతూహ్‌ల మధ్య నాలుగు గంటలకు పైగా టీవీ చర్చ జరిగింది. ఈజిప్టు చరిత్రలో అలాంటిది అదే మొదటిది. కేఫ్‌లు కిక్కిరిసిపోయాయి. ఓట్లు లెక్కపెడితే ఆ ఇద్దరూ రెండో రౌండుకు రాలేదు. వచ్చింది ముస్లిం బ్రదర్‌హుడ్ మోర్సీ, పైన చెప్పిన షఫీక్. ఒకరి వెనుక ఊరూరా కార్యకర్తలున్న సంస్థ, ఇంకొకరి వెనుక పాత వ్యవస్థ. టీవీలో బాగా మాట్లాడటం వేరు, పోలింగు రోజున జనాన్ని బూత్‌కు తీసుకురావడం వేరు. మన దగ్గర ఎన్నికలు చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

2013 జూలై 3 రాత్రి. ఆ ఎన్నికలో గెలిచి అధ్యక్షుడైన మోర్సీని తొలగించినట్టు సైన్యాధిపతి సిసీ టీవీలో ప్రకటించాడు. ఆ ప్రకటన అయిన కాసేపటికే మా గోడ మీద ఇస్లామిస్టు ఛానెళ్ల తెరలు ఒక్కొక్కటిగా నల్లబడ్డాయి. మర్నాడు పొద్దున్న నేను రాసిన షీటులో ఒకే సంఘటనకు రెండు పేర్లున్నాయి. ఈజిప్టు ఛానెళ్లలో ‘సౌరా’, విప్లవం. అల్ జజీరాలో ‘ఇన్‌ఖిలాబ్’.

ఈ మాట దగ్గర మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మనకు ఇంక్విలాబ్ జిందాబాద్ అంటే విప్లవం వర్ధిల్లాలని. అరబిక్‌లో అదే మాటకు సైనిక కుట్ర అని అర్థం, మంచి మాట కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాద్ ఉర్దూ చెవిలో ఉండి, ఒక పాత ఇరాక్ సంఘటన గురించిన కార్యక్రమంలో ఇన్‌ఖిలాబ్‌ను విప్లవం అని రాసి పంపాను. పొగడ్త తిట్టు అయింది, తిట్టు పొగడ్త అయింది. ఆ తప్పు తర్వాతే నేను మాటల పట్టిక రాసుకోవడం మొదలుపెట్టాను. చనిపోయినవాడిని ఏ ఛానెల్ ‘షహీద్’, అంటే అమరుడు, అంటుంది, ఏది ‘ఖతీల్’, అంటే ఉత్త హతుడు, అంటుంది. జరిగినదాన్ని ఏది ‘సౌరా’ అంటుంది, ఏది ‘అహ్దాస్’, అంటే ఉత్త సంఘటనలు, అంటుంది. ఏ రోజు నుంచి ఆ మాట మార్చింది. ఒక ప్రభుత్వం తన విధానం మార్చుకున్న సంగతి విదేశాంగ శాఖ ప్రకటనకన్నా ముందు దాని ఛానెల్ వాడే నామవాచకాల్లో తెలుస్తుంది. మీ పరిశోధనకు ఇంతకన్నా చౌకైన, నమ్మదగిన పనిముట్టు నాకు తెలియదు.

ఇప్పుడు అల్ జజీరా దగ్గరికే మళ్లీ వద్దాం. 2011 ఫిబ్రవరి 14న బహ్రెయిన్‌లో కూడా జనం పెర్ల్ కూడలిలో చేరారు. మార్చి 14న సౌదీ నాయకత్వంలో గల్ఫ్ దళాలు దిగాయి, కొన్ని రోజులకే ఆ కూడలి మధ్యలో ఉన్న స్తంభాన్నే కూలగొట్టారు. లిబియాకు, సిరియాకు గంటల కొద్దీ సమయమిచ్చిన అల్ జజీరా అరబిక్ ఛానెల్ బహ్రెయిన్ దగ్గర మాత్రం బాగా పొదుపు పాటించింది. నా షీటులో, రాని వార్తల కోసం మా సీనియర్ గీసిచ్చిన గడి ఆ నెలలో నిండిపోయింది. సిరియా విషయంలో అటు అతి చేస్తోందని ఇంకో వాదన. బేరూత్ బ్యూరో అధిపతి ఘస్సాన్ బిన్ జిద్దూ 2011లో రాజీనామా చేసి, మరుసటి ఏడాది అల్ మయాదీన్ పెట్టాడు. అది అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ పక్షాన నిలిచింది. సౌదీ పక్షాన 2003 నుంచే అల్ అరబియా ఉంది. ఎవరి డబ్బు, వారి కెమెరా. 2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌ను వెలివేసి, పెట్టిన 13 షరతుల్లో అల్ జజీరాను మూసేయాలన్నది ఒకటి. ఒక ఛానెల్‌ను సైనిక స్థావరంతో సమానంగా లెక్కగట్టారన్నమాట.

అందుకని ఆ విలేకరుల ధైర్యాన్ని తక్కువ చేయకండి. తారిఖ్ అయ్యూబ్ 2003 ఏప్రిల్ 8న బాగ్దాద్‌లో, షిరీన్ అబూ అక్లే 2022 మే 11న జెనిన్‌లో పనిచేస్తూనే చనిపోయారు. షిరీన్ గొంతు నేను ఏళ్ల తరబడి రోజూ విన్నాను, ఆ రోజు దుబాయ్‌లో లేకపోయినా పాత సహోద్యోగులందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. యజమాని రాజకీయం ఒకటి, మైకు పట్టుకున్న మనిషి నిజాయితీ ఒకటి. రెండూ ఒకే ఛానెల్‌లో ఉండగలవు.

ఈజిప్టులో చివరికి ఏమైందో చూడండి. బాసెమ్ యూసఫ్ వ్యంగ్య కార్యక్రమం ముబారక్ తర్వాతి స్వేచ్ఛకు గుర్తు. మోర్సీ కాలంలో ప్రాసిక్యూటర్ పిలిచి విచారించాడు, కార్యక్రమం సాగింది. సైన్యం వచ్చాక 2013 నవంబర్‌లో ఒక ఛానెల్ ఆపేసింది, ఇంకో ఛానెల్‌కు వెళితే 2014 జూన్‌కు అదీ ముగిసింది. 2016లో యజమాని నగీబ్ సావిరిస్ ఓఎన్‌టీవీని అమ్మేశాడు. తర్వాత ముఖ్యమైన ఛానెళ్లు ఒకటొకటిగా గూఢచారి విభాగంతో సంబంధమున్న సంస్థల గొడుగు కిందికి వెళ్లాయని అక్కడి స్వతంత్ర జర్నలిస్టులు బయటపెట్టారు. ఒకప్పుడు ప్రధానిని నిలదీసిన స్టూడియో ఆ ఓఎన్‌టీవీదే.

వార్తలే ప్రపంచం కాదన్నది కూడా చెప్పాలి. సౌదీలో ‘తాష్ మా తాష్’ అనే రంజాన్ హాస్య ధారావాహిక 1993 నుంచి మతపోలీసుల్ని, అధికారుల్ని ఆటపట్టించింది. ఏ చర్చా కార్యక్రమమూ అక్కడ ఆ పని చేయలేదు. 2010లో అబూదాబి కవితల పోటీలో హిస్సా హిలాల్ అనే సౌదీ మహిళ నిండు బురఖాలో నిలబడి ద్వేషపు ఫత్వాల మీద పద్యం చదివింది, మూడో స్థానం గెలిచింది. బెదిరింపులు వచ్చినా వెనక్కి తగ్గలేదు. రాజకీయ మార్పు అంటే గద్దె మారడం ఒక్కటే కాదనుకుంటే ఇవీ లెక్కలోకి రావాలి.

ఇప్పుడు ఫోన్లే అన్నీ అయ్యాయి కాబట్టి టీవీ కథ ముగిసిందా అని కింద ఇంకొకరు అడిగారు. 2024 డిసెంబర్ 8న అసద్ పారిపోయిన పొద్దున్న, తిరుగుబాటుదారులు చేసిన మొదటి పనుల్లో ఒకటి దమాస్కస్‌లోని ప్రభుత్వ టీవీలో వరసగా కూర్చుని ప్రకటన చదవడం. ఆ వార్త అప్పటికే ప్రతి ఫోనులోనూ ఉంది. అయినా ఆ స్టూడియోలో చదివితేనే అయినట్టు.

మీ డిసర్టేషన్‌కు ఒక్క సంఘటన ఎంచుకోవాలంటే 2011 ఫిబ్రవరి 10 రాత్రి తీసుకోండి. ముబారక్ దిగిపోతాడని లోకమంతా ఎదురుచూసింది. ఆయన తెర మీదికొచ్చి, దిగనన్నాడు. అల్ జజీరా తెరను రెండుగా చేసి సగంలో ఆయన్ని, సగంలో తహ్రీర్‌ను చూపించింది. ఆయన మాట సాగేకొద్దీ అవతలి సగంలో జనం చెప్పులు తీసి పైకెత్తడం కనిపిస్తుంది. ప్రభుత్వ టీవీలో అదే ప్రసంగం ఒక్క ముఖంతో నిండుగా వచ్చింది. మర్నాడు సాయంత్రం ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్ నిమిషం కూడా పట్టని ప్రకటనలో ముబారక్ తప్పుకున్నాడని చదివాడు. ఆ మరుసటి పొద్దున్న ప్రభుత్వ పత్రిక అల్ అహ్రామ్ మొదటి పేజీలో, ప్రజలు నిజామ్‌ను కూల్చేశారు అన్న శీర్షిక వచ్చింది. ఈ మూడు రోజుల రికార్డింగులు, పత్రికలు పక్కపక్కన పెట్టుకోండి. అరబిక్ రాకపోయినా కెమెరా ఎటు తిరిగి ఉందో కనిపిస్తుంది. మాటల దగ్గర ఆగిపోతే ఆ మాటను తెలుగు లిపిలో రాసి ఇక్కడే అడగండి, నా పట్టిక ఇంకా నా దగ్గరే ఉంది.